మడత అనుకున్న గీత

వాన పడిన ప్రతిసారీ టీవీలో ఒకటే పాట. అమీర్‌పేట రోడ్లు వాగులయ్యాయట. మెట్రో స్తంభాల మధ్య మోకాలి లోతు నీళ్లలో మైకు పట్టుకుని నిలబడిన పిల్ల ప్రతి ఏడాదీ కొత్తగా ఆశ్చర్యపోతుంది. నేను కుర్చీలో కూర్చుని టీవీని తిడతాను, మా ఆయన లేచి సౌండు తగ్గిస్తాడు. రోడ్లు వాగులు కావడమేమిటి? ముందు నుంచీ అక్కడున్నది వాగే. మనమే వెళ్లి దాని నెత్తిన రోడ్డేసి, అది తన దారిన తాను పోతుంటే దారికి అడ్డొచ్చిందని ఏడుస్తున్నాం.

ఈ మాట ఇంత గొంతేసుకుని అనడానికి నాకు హక్కుందో లేదో చివరిదాకా విని మీరే చెప్పండి. ఎందుకంటే ఆ వాగుల్లో ఒకదాన్ని మాయం చేసింది నేనే. జేసీబీతో కాదు, పెన్నుతో. సరిగ్గా చెప్పాలంటే, పెన్ను పెట్టాల్సిన చోట పెట్టకుండా.

మొన్న మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలు ఇంటికొచ్చారు. వాన నీటి కాలువల విభాగం మాది. ఇప్పుడంతా కంప్యూటర్ల మీదే పని. టీ తాగుతూ అందులో ఒకడు, "మేడం, అసలు అమీర్‌పేటలో నీళ్లెక్కడివి?" అని అడిగాడు. కాలువల విభాగంలో పని చేస్తున్నవాడు అడగాల్సిన ప్రశ్నేనా అది? కప్పు కింద పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. వాళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. వాళ్లు మధ్యలో ఫోన్లు చూసుకున్నారు, మీరైనా వినండి.

అమీర్‌పేట అంటే మీకు కోర్సులు, హాస్టళ్లు, ఫ్లెక్సీలు, చీరల దుకాణాలు. మీ తప్పు కాదు, కనబడేవి అవే. కానీ ఒకసారి పంజాగుట్ట పేరులోనే ఉన్న గుట్టను తలుచుకోండి. గుట్ట మీద పడిన వాన ఎక్కడికి పోతుంది? పల్లానికి. ఆ పల్లం పేరే అమీర్‌పేట. అక్కడి నుంచి పెద్ద నాలాలో కలిసి హుస్సేన్‌సాగర్‌కు పోవాలి. అంటే మీరు జావా నేర్చుకునే బిల్డింగు ఒక చెరువు వాకిట్లో ఉంది. తోటలూ, చాకిరేవులూ, కూరగాయల మళ్లూ ఉండిన నీళ్ల ఒడ్డు అది. మా నాన్న సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ పనికి పోతూ ఆ మళ్ల గట్ల మీద సైకిల్ నడిపించుకుంటూ వచ్చేవాడినని చెప్పేవాడు. నేను ఉద్యోగంలో చేరేనాటికి మళ్లు పోయాయి కానీ, సందుల్లో పాత ఇళ్లు కొన్ని మిగిలి ఉండేవి. ఆ ఇళ్లకు రెండు వాకిళ్లు. ఒకటి సందులోకి, ఇంకోటి వెనకవైపు, నీళ్లలోకి దిగే రాతి మెట్లతో. నీళ్లు పోయాక కూడా ఆ మెట్లు ఉండేవి. ఎందుకున్నాయని నేను ఎవరినీ అడగలేదు.

నేను ట్రేసర్‌గా చేరాను. ట్రేసర్ అంటే ఇప్పటివాళ్లకు తెలియదు. పాత నక్షా, అంటే మ్యాపు మీద పల్చటి మైనపు గుడ్డ పరిచి, కింద కనబడే గీతలను మీద సిరాతో తిరిగి గీసేవాళ్లం. గుడ్డ మీద పౌడర్ రుద్దాలి, లేకపోతే సిరా అంటదు. తప్పు పడితే సగం బ్లేడుతో గీకాలి. గీత గీయడం కంటే అక్షరాలు రాయడం కష్టం. నా చేతిరాత బాగుంటుందని ఉద్యోగమిచ్చారు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, కథకు అవసరం కాబట్టి చెబుతున్నాను. గొప్ప కూడా కొంచెం ఉందనుకోండి.

మా సెక్షన్‌లో ఒక పెద్ద ట్రేసర్ ఉండేవారు. అందరం సాబ్ అనేవాళ్లం. పాత నక్షాల మీద పేర్లన్నీ ఉర్దూలో ఉండేవి, అవి చదవగలిగింది ఆయనొక్కడే. ఆయన చదివితే నేను తెలుగులో రాసుకునేదాన్ని. ఆ నక్షాలు ఎన్నో ఏళ్లు మడతల్లో పడి ఉన్నవి. మడత పడిన చోట గోధుమ రంగు చార. పాతబడిన సిరా కూడా అదే గోధుమ రంగు. ఏది మడతో, ఏది గీతో పైనుంచి చూస్తే తెలిసేది కాదు. సాబ్ దానికి ఒక కిటుకు చెప్పారు.

"బిడ్డా, నక్షను కిటికీకి పట్టి చూడు. మడత అయితే ఎలుగు అవుతలికెళ్లి వస్తది. సిరా అయితే రాదు. జర నల్లగనే నిలబడ్తది. గింతే ఫరకు."

ఎంత తేలిక కిటుకో చూడండి. ప్రతి నక్షానూ అలాగే చూసేదాన్ని. అమీర్‌పేట, పంజాగుట్టల మధ్య సందులున్న ఆ ఒక్క షీటు తప్ప. ఆ వారం సాబ్ కూతురి పెళ్లికని సెలవులో ఉన్నారు. ఎవరో పెద్దాఫీసరు వస్తున్నాడు, షీటు సోమవారానికల్లా కావాలని పైనుంచి తొందర. ఉర్దూ పేర్లను సాబ్ ముందే చదివి పెట్టి వెళ్లారు. షీటు నడుమ ఒక గోధుమ గీత, దాని పక్కన పేరేమీ లేదు. షీటు మడత పడింది కూడా సరిగ్గా ఆ గీత వెంటే. మడతే అనుకుని గీయకుండా వదిలేశాను, కిటికీ దాకా లేచి వెళ్లలేదు. కిటికీ నా కుర్చీకి నాలుగడుగుల దూరంలో ఉంది.

పోనీ, గుడ్డ మీద తప్పితే నేల మీదైనా దొరకాలి కదా అంటారు. దొరకాలి. ప్రతి షీటునూ సిరా ఆరాక ఫీల్డుకు తీసుకెళ్లి సరిచూడాలని రూలు. చూశాం. ఎప్పుడు చూశామనుకున్నారు? ఏప్రిల్‌లో. నాలాల తనిఖీ మా ఆఫీసులో ఎప్పుడూ ఎండాకాలంలోనే. వానాకాలంలో బురద, గొడుగు, షీటు తడుస్తుందన్న భయం. అందుకని నీళ్లు పోయే దారులను నీళ్లు లేనప్పుడు వెతికేవాళ్లం. ఈ సంగతి మాలో ఒక్కరికీ వింతగా అనిపించలేదు. నేను షీటు పట్టుకుని ఆ సందులోకి వెళితే అక్కడ ఎండిన నేల, మీద రాతి పలకలు, పలకల మీద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. నక్షాలో మడత, నేల మీద క్రికెట్. రెండు చోట్లా నాలా లేదు. సంతకం పెట్టాను.

సాబ్ తిరిగొచ్చేసరికి కొత్త షీటు పాసైపోయింది. పాతది బస్తాలో కట్టి అటక మీద పడేశారు. కొత్త షీటు వచ్చాక పాతది తీయకూడదని మా దగ్గర ఇంకో ఆచారం. రెండూ చూస్తే గందరగోళమట. సాబ్ రిటైరై, కొన్నేళ్లకు పోయారు కూడా. ఆ షీటును ఆయనకు చూపించే సందర్భమే రాలేదు. తర్వాత కంప్యూటర్లు వచ్చి నా షీటును ఉన్నదున్నట్టు ఎక్కించుకున్నాయి. నా తప్పు బ్లేడుతో గీకినా పోనంత గట్టిపడింది.

ఇక ఖాలా సంగతి.

ఆ సందులోనే ఉండేది. దూది బొంతలు, అదే రజాయిలు కుట్టేది. ఆమె భర్త దూది ఏకేవాడు, ఆయన పోయాక ఈమె ఒక్కతే పని నడుపుకొచ్చింది. పంజాగుట్ట నుంచి ఖైరతాబాద్ దాకా చలికాలం వస్తే ఆమె రజాయిలే. బస్తీలో అందరూ ఖాలా, అంటే పిన్నీ అనేవాళ్లు, మేమూ అదే అన్నాం. ప్రతి వానాకాలం ఆమె ఇంట్లోకి వెనక వాకిలి నుంచి నీళ్లొచ్చేవి. దూది సంగతి మీకు తెలుసు కదా, ఒకసారి మురుగునీళ్లు తాగితే మళ్లీ పనికిరాదు. ప్రతి ఏడాదీ మా ఆఫీసుకు అర్జీ తెచ్చేది. వెనక నాలా ఉంది, పూడిపోయింది, తీయించండి అని.

మేము ఏం చేశాం? షీటు చూశాం. షీటులో నాలా లేదు. "రికార్డుల ప్రకారం సదరు స్థలమున ఎటువంటి నాలా లేదు" అని జవాబు రాశాం. మేము అంటున్నాను కానీ రాసింది నేను. చేతిరాత బాగుంటుందని జవాబులన్నీ నాకే ఇచ్చేవారు. టైపు మిషన్లొచ్చాయి, కంప్యూటర్లొచ్చాయి, అయినా మా పెద్ద గుమాస్తాకు నా రాతే ముద్దు.

ఒకసారి ఖాలా నా బల్ల ముందు నిలబడి, "మేడం, మీ కాయితంల లేదు గని మా ఇంట్లయితె ఉన్నది. మోకాలి దాంక ఉన్నది. కాయితం నీళ్లల్ల పెట్టి చూపియ్యాల్నా?" అన్నది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మీ ఇల్లు పల్లంల ఉన్నది ఖాలా. వాన నీళ్లు అందరిండ్లల్లకు వస్తయి," అన్నాను.

"అందరిండ్లల్లకు ముందటికెళ్లి వస్తయి. నాకు ఎన్కకెళ్లి వస్తయి. మా అత్తమ్మ ఆ మెట్ల మీద కూసోని దూది కడిగేది. ఉత్తగనే మెట్లు ఎవలు కడ్తరు?"

ఆ మాట విన్నాక నేను లేవాల్సింది. అటక ఎక్కి బస్తా విప్పాల్సింది. నేనేం చేశానంటే, ఆమె వెళ్లాక పక్క బల్ల వాళ్లతో, "ఈ ముసలామెకు ప్రతేడు ఇదే పని" అన్నాను. నవ్వారు, నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నాకు ఇంకో ఏడాదిలో రిటైర్మెంట్ ఉందనగా, ఖాలా ఇంటి పక్క పాత బంగళా పడగొట్టి హాస్టలు బిల్డింగు మొదలుపెట్టారు. సెల్లారు కోసం ఎండాకాలంలో లోతుగా తవ్వితే అడుగున రాతి కట్టడం ఒకటి బయటపడింది. పాత సెప్టిక్ ట్యాంకు అనుకుని కాంక్రీటు పోసి మూసేశారు. వాళ్లనేమని అంటాం? వాళ్ల పర్మిషన్‌కు జతపరిచిన షీటు నాదే. అందులో నాలా లేదు.

ఆ జులైలో మొదటి పెద్ద వానకు ఖాలా ఇంట్లో నీళ్లు మోకాలు దాటి మంచం ఎక్కాయి. వెనక గోడ ఒక పక్కకు ఒరిగింది. మూడు రోజులు వరసగా ఆఫీసుకొచ్చింది. మా ఇంజినీరు కోస్తా నుంచి వచ్చిన కుర్రాడు, మర్యాదస్తుడు. మూడో రోజు నన్ను పిలిచి, "మేడం గారూ, మీరొకసారి వెళ్లి చూసొస్తారా? ఆవిడ రోజూ వస్తున్నారు. నాకు చూడ్డానికి ఏదోలా ఉంది," అన్నాడు. బయట వాన కురుస్తూనే ఉంది. రేపు వెళతానని చెప్పాను. మళ్లీ ఎందుకో, ఖాలా బెంచీ మీద తడిచిన చీరతో కూర్చుని ఉండటం చూసి, గొడుగు తీసుకుని ఆమెతోనే బయలుదేరాను. ముప్పై ఏళ్లకు పైబడిన ఉద్యోగంలో వాన కురుస్తుండగా ఫీల్డుకు వెళ్లడం అదే మొదటిసారి. కాలువల విభాగంలో పని చేసినదాన్ని నేను. రాస్తుంటేనే సిగ్గేస్తోంది.

ఇంటి ముందు సందులో నీళ్లు చీలమండ దాకే ఉన్నాయి. లోపల మోకాలి దాకా. వెనక గదిలోకి వెళ్లాను. అది దూది పెట్టుకునే గది. వాకిలి బయట మూడు రాతి మెట్లు కిందికి దిగి, రాతి పలకల దగ్గర ఆగిపోతాయి. ఆ పలకల మధ్య నెర్రెల్లోంచి నీళ్లు పైకి పొంగుతున్నాయి. సందులోంచి కాదు, కప్పులోంచి కాదు, కింద నుంచి. తడిసిన దూది తునకలు ఆ నీళ్ల మీద తేలుతున్నాయి. నిలిచిన నీళ్లలో దూది ఉన్నచోటే తిరుగుతుంది. ఇక్కడ తిరగడం లేదు. ఒకదాని వెనక ఒకటి వరసగా, సాగర్ వైపుకు, పక్క బిల్డింగు గోడ దాకా వెళుతోంది. అక్కడ గోడకు కొట్టుకుని వెనక్కి మళ్లి ఇంట్లోకి వస్తోంది.

"చూసినవా?" అన్నది ఖాలా వెనక నుంచి.

చూశాను. ఆ గోధుమ గీత ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో నాకు ఇంకా గుర్తుంది. సరిగ్గా ఇక్కడి నుంచే.

ఆఫీసుకు వెళ్లి అటక మీది బస్తా దించమంటే అటెండరు నోట్ కావాలన్నాడు. నోట్ రాస్తే సంతకానికి వారం. చీర కుచ్చిళ్లు దోపుకుని స్టూలు మీద నేనే ఎక్కాను. బస్తాలో దుమ్ము, ఎలుకల పెంట, అడుగున ఆ షీటు. కిటికీ దగ్గరకు తీసుకెళ్లి అద్దానికి పట్టాను. వాన మబ్బు, అయినా వెలుగు సరిపోయింది. మడత ఉంది, వెలుగు దాంట్లోంచి సన్నగా వస్తోంది. దాని పక్కనే, దాదాపు అంటుకుని, వెలుగు రాని గీత ఇంకోటి ఉంది. పంజాగుట్ట వైపు నుంచి పెద్ద నాలా దాకా ఎక్కడా తెగకుండా నల్లగా ఉంది. సాబ్ చెప్పినట్టే నిలబడి ఉంది.

ఇంజినీరుకు చూపించాను. అతను చాలాసేపు చూసి తలుపు దగ్గరగా వేశాడు.

"ఏంటి మేడం ఇది? ఏడాదిలో రిటైర్మెంట్ పెట్టుకుని ఇప్పుడా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నా గురించి కాదండీ, ఆవిడ గురించి ఆలోచించండి. ఇది నాలా అని మనం రాశామనుకోండి, గట్టుకి ఇటూ అటూ కొన్ని అడుగుల దాకా ఏ కట్టడం ఉండకూడదు. కొలిస్తే మొదట పడేది ఆవిడ ఇల్లే. పాత ఇల్లు, చేతిలో కాగితాలు కూడా సరిగ్గా ఉండవు. ఆ బిల్డింగ్ వాళ్లు లాయర్‌ని పెట్టుకుంటారు. ఆవిడ ఎవర్ని పెట్టుకుంటారు?"

అతను చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది. చెప్పింది నిజం. రాయకపోతే ఇల్లు మునుగుతుంది, రాస్తే ఇల్లు కూలుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆ రెండూ నేనే తవ్వి మధ్యలో ఆమెను నిలబెట్టాను. మర్నాడు పొద్దున్నే ఖాలా ఇంటికి వెళ్లాను.

ఆమె ముందు గదిలో తడిసిన దూదిని బస్తాల్లో కుక్కి పారేయడానికి కట్టలు కడుతోంది. నేను నిలబడే మొత్తం చెప్పాను. మడత సంగతి, కిటికీ సంగతి, ఆ జవాబులు రాసింది నేనేనన్న సంగతి. రాస్తే ఇంటికి ఏమవుతుందో కూడా దాచలేదు.

ఆమె కట్ట ముడి వేయడం పూర్తి చేసి, అప్పుడు తలెత్తింది.

"గా రూలు నా ఇంటికేనా, పక్క బిల్డింగుకు సుత కొలుస్తరా?"

"రెండిటికి కొలుస్తరు ఖాలా. కొలవాలె."

"నా ఇల్లు మొత్తం పోతదా?"

"తెల్వదు. ఎన్క అర్ర అయితే పోతది. దాని మీద ఎంత పోతదో కొలిస్తే గని చెప్పలేను."

ఆమె కొంతసేపు వెనక గది వైపు చూసింది. "గా అర్రల మా ఆయన దూది ఏకుతుండె," అన్నది. నాకు కళ్లు నిండుకొచ్చాయి, కానీ ఏడవడానికి కూడా నాకు మొహం లేదు.

"ఖాలా, నువ్వు వద్దంటే..."

"వద్దని నేనెప్పుడన్న? ఇన్నేండ్ల సంది నాలా ఉన్నది, రాయిండ్రి, రాయిండ్రి అని మీ చుట్టు తిరిగిన. బస్తీల నన్ను చూసి నవ్విండ్రు. నా కొడుకు సుత, అమ్మీ ఇగ చాలు తీయ్ అన్నడు. అర్ర పోతె ఫికర్ లే అంటలేను. ఫికర్ ఉన్నది. మస్తున్నది. గని నేను అబద్ధం ఆడలేదని ముందుగాల రాయి. తర్వాత కొలువుండ్రి."

నిండా మునిగినవాళ్లకు చలేమిటి అంటారు. ఆమెకు చలి ఉంది, తెలిసే దిగుతోంది. మునిగినదాన్ని నేను, ఇంకా గట్టు మీద నిలబడి ఆలోచిస్తున్నాను. ఆఫీసుకెళ్లి ఆ రోజే నోట్ రాశాను. పొరపాటు ఎవరిదని రాయాల్సిన చోట నా హోదా రాసి సంతకం పెట్టాను. సెక్షన్‌లో అందరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. పెద్ద గుమాస్తా, "పాత షీట్ శిథిలమైనందున అని రాద్దాం మేడం, ఎవరి మీదికి రాదు," అన్నాడు. మా దగ్గర తప్పులన్నీ అలాగే జరుగుతాయి, ఎవరూ చేయరు. నేను వద్దన్నాను. నాకొక మెమో వచ్చింది, అది వేరే కథ.

పది రోజులకు ఇంజినీరు గదిలో విచారణ పెట్టారు. ఒక వైపు ఖాలా, ఆమె కొడుకు. ఇంకో వైపు బిల్డింగు ఓనరు, లాయరు. ఓనరు మాటకారి. వచ్చీరాగానే బల్ల మీద కాగితాలు పరిచాడు. నేను ఖాలాకు ఏడాదికొకటి చొప్పున రాసిన జవాబుల కాపీలు, ఆఫీసుకు అర్జీ పెట్టుకుని తీయించుకున్నాడు. వరసగా పేర్చి ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టాడు.

"సార్, మీ ఆఫీసే ప్రతేడు నాలా లేదని రాసిచ్చింది. జర చూడుండ్రి, ఎంత సాఫ్‌గ రాసిండ్రో. మీ రికార్డు చూసే నేను జాగ కొన్న. గిది మీ రాతే కదా మేడం?"

"నాదే," అన్నాను.

"మరి ఇప్పుడు ఉన్నదంటరేంది? గా పాత షీట్ మీదున్నది మడత సార్. ఎవలు చూసినా మడతనే అంటరు."

"నేను సుత గట్లనే అనుకున్న," అన్నాను. "గదే నేను చేసిన తప్పు. మీరు నాతోని ఒకసారి కిటికీ దగ్గరికి రాండ్రి."

షీటు తీసుకుని వెళ్లి అద్దానికి పట్టాను. షీటు పెద్దది, ఇంజినీరు లేచొచ్చి ఇంకో అంచు పట్టుకున్నాడు. ఓనరు చూశాడు, లాయరు కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. ఖాలా అందరికంటే వెనక నుంచి వచ్చి చూసింది. వెలుగు వచ్చే గీత, దాని పక్కన వెలుగు రాని గీత. ఆమె ఆ నల్ల గీత మీద వేలు పెట్టి నెమ్మదిగా కిందికి లాగి, ఒక చోట ఆపింది.

"గిక్కడ మా మెట్లు," అన్నది.

తర్వాత ఏం జరిగిందో చెబితే మీకు కోపమొస్తుంది, నాకూ వచ్చింది. న్యాయమంటే తక్కెడలా సరిసమానంగా తూగుతుందనుకోకండి. బిల్డింగు వాళ్లు లాయరు ద్వారా చివరికి సెల్లారు ఒక పక్క పగలగొట్టి, నీళ్లకు దారి వదిలి, పైన ఐదంతస్తులూ లేపుకున్నారు. ఖాలా ఇంటి గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు వేశారు. వెనక గది పోయింది, నీళ్ల పక్క వాకిలి పోయింది. ఇంజినీరు పట్టుబట్టి, ఆఫీసు చుట్టూ ఆమె కోసం తనే తిరిగి, ముందు రెండు గదులు మిగిలేలా చూశాడు. ఆ పని చేయమని అతనికి ఎవరూ చెప్పలేదు. వెనక గది పడగొట్టిన రోజు నేను వెళ్లాను. ఖాలా తన భర్త దూది ఏకిన విల్లును ముందు గదిలోకి మార్చుకుని, గోడకు మేకు కొట్టించి తగిలిస్తోంది. నాతో మాట్లాడలేదు. మాట్లాడాలని నేనూ అడగలేదు.

మెట్లు మాత్రం పోలేదు. కాలువ కోసం తవ్వితే ఆ మూడు మెట్ల కింద ఇంకా నాలుగు బయటపడ్డాయి. మట్టి కింద అన్నేళ్లు ఉన్నా అడుగులకు అరిగిన గుంటలు అలాగే ఉన్నాయి. కాలువ మీద ఇనుప జాలీ వేశారు.

నా రిటైర్మెంట్ జూన్ నెలాఖరున. ఆఖరి రోజు సన్మానం, శాలువా, సమోసాలు అన్నీ మధ్యాహ్నం పెట్టారు. పొద్దున్న నేను బల్ల దగ్గర కూర్చుని ఒక్క ఉత్తరం రాశాను. అది రాయమని నన్నెవరూ అడగలేదు. ఇంజినీరు చదివి, సంతకం పెట్టి, ముద్ర వేయించాడు. శాలువా కప్పించుకుని, ఫొటోలయ్యాక బయటికొస్తే వాన మొదలైంది. ఆటోవాడు అమీర్‌పేట అంటే రానన్నాడు. ఇంకొకడిని బతిమాలుకుని వెళ్లాను.

ఖాలా ఇంట్లో నేల పొడిగా ఉంది. ఆమె వెనక పక్క రేకు చూరు కింద, పై మెట్టు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి పక్కకు జరిగింది. జాలీ కింద నీళ్లు గోధుమ రంగులో పరుగెత్తుతున్నాయి, ఎక్కడా ఆగడం లేదు. ఉత్తరం ఆమె చేతికిచ్చాను. తెలుగు చదవడం రాదు కాబట్టి నన్నే చదవమంది. చదివాను. "తమరు ఇన్ని సంవత్సరములుగా సమర్పించిన అర్జీలు వాస్తవమని, సదరు స్థలమున నాలా కలదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. ఇంతకుముందు ఇచ్చిన జవాబులు తప్పు."

ఆమె కాగితం తీసుకుని పైనుంచి కిందికి చూసింది. వేలితో అక్షరాలు తడిమింది. లేచి లోపలికెళ్లి, ప్లాస్టిక్ కవరులో దాచుకున్న నా పాత జవాబుల కట్ట తెచ్చి, దాని పక్కన ఈ కొత్తది పెట్టింది. అవే వంపులు, అవే సమానమైన వరసలు. చదవడం రానివాళ్లు చూస్తే ఏది నిజమో, ఏది అబద్ధమో తెలియదు.

"రాత మస్తున్నది బేటీ," అన్నది ఖాలా. "గవి సుత గింత మంచిగనే రాసినవ్. గందుకే అందరు నమ్మిండ్రు."

ఆమె కాగితాలన్నీ కలిపి కవరులో పెట్టుకుని, "జర జరుగు, తడుస్తవ్," అన్నది. చూరు కిందికి జరిగి, వాన తగ్గేదాకా ఆ మెట్ల మీదే కూర్చున్నాను.